నొక్కకముందే తెలియవలసిన మాట



విశాఖపట్టణమున బండి యెక్కి అరకు వచ్చునప్పుడు రైలుపెట్టె గోడపై ఎర్రరంగు పిడి యొకటి మీరందరును చూచియుందురు. బండి ఆపవలెనన్న గొలుసు లాగవలెనని దాని ప్రక్క వ్రాసియుండును. తగిన కారణము లేక లాగినవారికి శిక్ష కలదనియు దాని క్రిందనే యుండును. 1989వ సంవత్సరపు రైల్వే చట్టములో 141వ సెక్షను ప్రకారము ఆ శిక్ష ఒక సంవత్సరము వరకు కారాగారము, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆ రెండును. బడిలో పనిచేసిన కాలమున వాక్యరచన చెప్పునప్పుడెల్ల నేను పిల్లలకు ఈ పలకనే చూపుచుండెడివాడను. ఆ పలకపై పిడి యెట్టిదో, ఏ లోహముతో చేసినదో, దాని పేరేమో లేదు. దానిని లాగిన నేమగునో మాత్రమే కలదు. ప్రయోజనము ముందు, చేయవలసిన పని తరువాత, అపాయము చివర. చేయి పిడిని తాకకముందే ఈ మూడును మనకు తెలిసిపోవును.

నేడు నేను చెప్పబోవునది అట్టి చిన్న మాటలను గూర్చియే. అవి కంప్యూటరు తెరమీద పుట్టి, చదివిన మరుక్షణమున మాయమగును. తెరపై వరుసగా బటనులుండును. మౌస్ బాణమును ఒక బటనుమీదికి తెచ్చి, నొక్కక, క్షణకాలము నిలిపినచో దాని చెంత చిన్న పెట్టె తేలి అందులో ఒక పంక్తి కనబడును. దీనిని టూల్ టిప్ అందురు. 1991లో ఆపిల్ కంపెనీవారు తమ సిస్టమ్ 7 లో, బొమ్మల కథలలో పాత్రల నోటినుండి వెలువడు బుడగవంటి దానిలో ఇట్టి మాటలను చూపిరి. దానికి బెలూన్ హెల్ప్ అని పేరు. ఆ తరువాత ఈ పద్ధతి సర్వత్ర వ్యాపించినది. సెల్ ఫోనులో వ్రేలు తెరను తాకుటయే కాని పైన నిలుచుట లేదు గనుక అక్కడ ఈ మాట సాధారణముగా తేలదు. అదొక లోపమే.

ఇంత చిన్న విషయమునకు పెద్దలను కూర్చుండబెట్టుట యెందుకని మీకు తోచవచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి మొదలు పిల్లలకు కోడింగు నేర్పవలెనని చెప్పినది. అనగా కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుట. మన కొండలలోని ఆశ్రమపాఠశాలల నుండి పాలిటెక్నిక్కులకు, డిగ్రీ కళాశాలలకు పోయిన పిల్లలు ఇదివరకే ఆ పని చేయుచున్నారు. పట్టణపు బిడ్డకు సందేహము కలిగిన ప్రక్కింట అడుగుటకు మనిషి యుండును. కొండమీది గూడెమున సెలవులకు వచ్చిన బిడ్డకు ఎవరున్నారు? ఆ తేలిన పంక్తియే గురువు. గురువు తప్పు చెప్పినచో శిష్యుని గతి యేమగునో నేను కన్నులార చూచితిని. దానిని చెప్పుటకు ముందు డీబగ్గరనగా నేమో చెప్పవలెను.

మీలో పూర్వము కరణీకపు లెక్కలు చూచినవారుందురు. చిట్టాకును ఆవర్జాకును మొత్తము సరిపోనప్పుడు మీరేమి చేసెడివారు? మొదటి పద్దుమీద వ్రేలుంచి, ఒక్కొక్క వరుసయే దిగుచు, ప్రతిచోట ఇంతవరకు మొత్తమెంతయని ప్రక్క కాగితముమీద వేసికొనుచు పోయెడివారు. ఎచ్చట తేడా పుట్టినదో అచ్చట వ్రేలు నిలుచును. ప్రోగ్రాము కూడ అట్టి వరుసల దొంతరయే. కంప్యూటరు వానిని కనురెప్పపాటులో చేసివేయును గనుక తప్పెచ్చట జరిగినదో మనకు కానరాదు. ఆ వేగమును అణచి, ఒక్కొక్క వరుసకు నిలుపుచు, అప్పటి మొత్తములను ప్రక్కన చూపు సాధనమే డీబగ్గరు. అది మన వ్రేలివంటిది.

ఆంగ్లమున బగ్ అనగా పురుగు. యంత్రదోషమునకు ఈ పేరు పాతదే. ఎడిసన్ 1878లోనే ఈ అర్థమున వాడెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో నిజముగానే ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకమున అంటించి, బగ్ నిజముగా దొరికిన మొదటి సంగతి యిదియని పరిహాసముగా వ్రాసిపెట్టిరి. ఆ పుట అమెరికాలోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. పురుగును ఏరు సాధనము గనుక డీబగ్గరు.

ఇక బటనుల సంగతి. శృంగవరపుకోట దాటి, అనంతగిరి యెక్కి, అరకు చేరు ఘాటురోడ్డు మీకు కొట్టినపిండి. ఆ రోడ్డే ప్రోగ్రామనుకొనుడు. దారిలో బొర్రాకు చీలు బాట వచ్చును. ఆ బాటలో ఒక బంధువు ఇంటినుండి మిరియముల బుట్ట తేవలసియున్నది. బుట్ట లేనిదే అరకు సంతలో మన పని జరుగదు. మనతో ఒక కుర్రవాడున్నాడు. ఇప్పుడు చీలికవద్ద నిలిచిన మనకు మూడు మార్గములున్నవి. కుర్రవానిని పంపి మనము రోడ్డుమీదనే నిలుచుట యొకటి. వాడు పోయి బుట్టతో తిరిగివచ్చును. అచ్చట వాడేమి చేసెనో మనము చూడలేదు గాని బుట్ట మాత్రము వచ్చినది. దీనిని స్టెప్ ఓవర్ అందురు. వానితో గూడ మనమును చీలుబాటలో దిగి, అడుగడుగును కనిపెట్టుట రెండవది. అది స్టెప్ ఇన్‌టు. దిగి కొంత చూచిన పిమ్మట, ఇక చాలును, మిగిలినది నీవు త్వరగా ముగించుమని చెప్పి, పని ముగిసి బుట్టతో రోడ్డుమీదికి చేరినప్పుడు మరల నిలుచుట మూడవది. దాని పేరు స్టెప్ ఔట్.

ఈ మూడింటిలో దేనియందును బుట్టను వదలివేయుట లేదు. దీనిని గట్టిగా మనసున నుంచుకొనుడు. నేటి ప్రసంగమున చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మొన్నటి వేసవిలో నా పూర్వవిద్యార్థిని యొకతె సెలవులకు వచ్చినది. ఇంట మాటాడునది కువి, బడిలో నేర్చినది తెలుగు, కళాశాలలో కంప్యూటరు చెప్పినది ఆంగ్లము. ఆమె మిరియముల ధర కట్టు చిన్న ప్రోగ్రామును వ్రాసినది. కిలోలు, గ్రాములు, కిలో ధర యిచ్చినచో మొత్తము సొమ్ము చెప్పవలెను. 2 కిలోల 500 గ్రాములకు, కిలో 600 రూపాయల వంతున, 1500 రావలసియుండగా 4200 వచ్చుచున్నది. తప్పు వెదకుటకు డీబగ్గరు తెరచినది. ఆంగ్లము తనకు తడుముకొనుడు గనుక, ఎవరో చేసిన తెలుగుసేతను పెట్టుకొన్నది. అందులో స్టెప్ ఓవర్ అను బటనుమీద తేలిన మాట “దాటవేయి”.

తెలుగువారికి దాటవేయుట యనగా నేమి? పురాణము చెప్పువాడు కష్టమైన పద్యమును దాటవేసినాడనగా చదువలేదనియే గదా. ఆ పిల్ల అట్లే యెంచినది. “మాస్టారూ, అది నొక్కితే బరువు లెక్క చెయ్యకుండానే ముందుకి పోతాదనుకున్నాను, అందుకే ముట్టలేదు” అని తరువాత నాతో చెప్పినది. అనగా బుట్ట తేకయే అరకు పోవుదుమని భయము. న్యాయమైన భయమే. మిగిలిన బటను “లోనికి అడుగు”. అడుగనగా పాదమున వేయునది, నోటితో ప్రశ్నించునదియు. లోపల ఎవరినో అడుగవలెను కాబోలునని తికమకపడి, తుదకు దానినే నొక్కుచు పోయినది. ఒకచోట అది తాను వ్రాయని, కంప్యూటరువారు ముందే వ్రాసిపెట్టిన దీర్ఘమైన ప్రోగ్రాములోనికి దిగినది. ఎన్నిమార్లు నొక్కినను అడవి తెగదు. “బయటికి అడుగు” అనునది చూచి, అది ప్రోగ్రామునే మూసివేయునని నొక్కలేదు. చివరకు “ఆపు” నొక్కినది. అంతతో అంతవరకు నడచిన దారియంతయు పోయినది. మరల మొదటినుండి. ఇట్లు రెండు సాయంకాలములు గడచిన పిమ్మట, ఈ చదువు మనవంటివారికి కాదనుకొన్నదట.

ఆ మాటకే నాకు కష్టము కలిగినది. బుద్ధి చాలని పిల్ల కాదు. మూడు భాషలలో బ్రతుకు నెట్టుకొని వచ్చిన పిల్ల. ఒక్క క్రియాపదము తప్పుగా పడుటచేత తనను తాను నిందించుకొన్నది. యంత్రము తనంతట తాను అబద్ధమాడదు గదా యని సామాన్యులకు నమ్మకము. మాట తప్పినప్పుడు తప్పు తమదేయని వారు తలవంచుదురు.

నాకు కంప్యూటరు రాదు. నాకు వచ్చినది వ్యాకరణము. ఆమె యంత్రమెట్లు నడచునో చెప్పుచుండగా, నేను దానికి తెలుగు చెప్పుచు, మా వసారాలో కూర్చుండి ఆ మాటలను తిరుగ వ్రాసితిమి. మా పండితుల చదువులో సూత్రమనియు వృత్తియనియు రెండు కలవు. సూత్రము మిక్కిలి చిన్నది. పాణిని సుమారు 4000 సూత్రములలో భాషనంతటిని బంధించెను. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పండుగ చేసికొందురని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. అయితే వృత్తి లేనిదే సూత్రము బాలురకు తెలియదు గనుక, ఏడవ శతాబ్దిలో జయాదిత్య వామనులు కాశికావృత్తిని వ్రాసిరి. బటనుమీది పేరు సూత్రము, టూల్ టిప్ దాని వృత్తి. వృత్తియు సూత్రమునే తిరుగ చెప్పినచో దానితో ప్రయోజనమేమి? “స్టెప్ ఓవర్” అను బటనుమీద “స్టెప్ ఓవర్ చేయును” అని తేలుట, తుఫాననగా తుఫానేయని చెప్పు పంతులుగారి పాఠమువంటిది. తెలుగులోనే కాదు, ఆంగ్లమునను ఇట్టివి కోకొల్లలు.

స్టెప్ ఓవరునకు మేము వ్రాసినది యిది: “ఈ లైను పని పూర్తి చేసి, తర్వాతి లైను దగ్గర ఆగుతుంది.” పని పూర్తియగునని చెప్పుటచేత దాటవేయుదుమను భయము పోయినది. ఎచ్చట ఆగునో చెప్పుటచేత నొక్కిన తరువాత ఎచ్చట చూడవలెనో తెలిసినది. ఈ రెండవ భాగమును చాలమంది మరతురు. డీబగ్గరులోని బటనులన్నియు నడుపునవే. ఒకదానికొకటి భేదమెల్ల ఎచ్చట ఆగుననుటలోనే యున్నది. స్టెప్ ఇన్‌టు: “ఈ లైను పిలిచే ఫంక్షను లోపలికి వెళ్ళి, దాని మొదటి లైను దగ్గర ఆగుతుంది.” ఫంక్షననగా మన చీలుబాట. స్టెప్ ఔట్: “ఈ ఫంక్షనులో మిగిలిన పని పూర్తి చేసి, పిలిచిన చోటికి వచ్చి ఆగుతుంది.” దీనిలో బయట యను మాటనే పెట్టలేదు. బయటయనిన ఎచ్చటికి బయటయని వెంటనే ప్రశ్న పుట్టును.

రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయన 1986లో వ్రాసిన జీడీబీ యను డీబగ్గరులో బటనులు లేవు, మాటలు టైపు చేయవలెను. అందు ఈ స్టెప్ ఓవరు పనికి ఆయన పెట్టిన పేరు నెక్స్ట్, అనగా తరువాతిది. అందులో దాటుటయే లేదు. ఆ పేరే స్థిరపడియున్న మన పిల్లకు రెండు సాయంకాలములు మిగిలియుండెడివి.

అన్నింటికంటె మమ్ము శ్రమపెట్టినది “ఆపు”. ఆంగ్లమున పాజ్ వేరు, స్టాప్ వేరు. మొదటిది బండిని సిగ్నలువద్ద నిలుపుట, రెండవది బండిని షెడ్డునకు పంపుట. తెలుగున రెండింటికిని ఆపు అనియే వాడుక. కొందరు ఒకదానికి ఆపు అనియు మరియొకదానికి నిలుపు అనియు పెట్టుదురు. ఏది యేదియో పెట్టినవారికి గాక యితరులకు తెలియునా? మాటలలో భేదమును వెదకుట మాని ఫలములో భేదమును చెప్పితిమి. పాజుకు “ఉన్నచోట నిలుపుతుంది, మళ్ళీ ఇక్కడినుంచే నడిపించవచ్చు” అనియు, స్టాపుకు “ఈ నడకను ముగిస్తుంది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి, మీరు రాసిన ప్రోగ్రాము పోదు” అనియు వ్రాసితిమి. చివరి నాలుగు మాటలు అనవసరమని ఆమెతో చదువు స్నేహితుడొకడు ఫోనులో వాదించెను. నాకు మాత్రము ఆ నాలుగు మాటలే ప్రాణముగా తోచినవి. వ్రాసినది పోవునేమో యను భయముచేతనే క్రొత్తవారు బటనుపై వ్రేలు పెట్టరు. రైలుపలక అపాయమును చెప్పి భయపెట్టినట్లే, అపాయము లేనిచోట లేదని చెప్పి ధైర్యమియ్యవలెను.

ఎర్రచుక్క యొకటి కలదు. బ్రేక్ పాయింట్ అందురు. ఒక లైను చెంత ఆ చుక్క పెట్టినచో ప్రోగ్రాము పరుగెత్తి వచ్చి అచ్చట ఆగును. ఆ లైను చేసిన తరువాత ఆగునా, చేయకముందు ఆగునా? చేయకముందే. చెక్ పోస్టు గేటు దాటకముందే లారీ ఆగునుగదా. ఇది తెలియనివాడు ఆ లైనుచే పుట్టవలసిన మొత్తము ప్రక్కన కానరాక తికమకపడును. కావున “ఈ లైను చెయ్యకముందు ఇక్కడ ఆగుతుంది” అని ఒక్క మాట చేర్చిన చాలును. ఇక కంటిన్యూ అనునది, తరువాతి చుక్కవరకు నడుపును, చుక్క లేనిచో చివరిదాకా పోవును. కొన్ని డీబగ్గరులలో కంటిన్యూ, పాజ్ రెండును ఒకే చోటులో మారుచుండును. బొమ్మ మారి, టూల్ టిప్ మారకున్నచో అంతకంటె మోసము లేదు. వెలవెలబోయి నొక్కుటకు వీలుగాని బటనులమీద సాధారణముగా ఏ మాటయు తేలదు. అసలు అచ్చటనే మాట కావలసినది: “ప్రోగ్రాము ఆగి ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది.”

మీటలతో గూడ ఈ పనులు చేయవచ్చును. స్టెప్ ఓవరుకు చాలచోట్ల ఎఫ్ 10, ఇన్‌టుకు ఎఫ్ 11. కంటిన్యూకు ఒకదానిలో ఎఫ్ 5, ఫైర్‌ఫాక్స్ లో ఎఫ్ 8. ఇట్లు మారుచుండును గనుక మీట పేరును టూల్ టిప్ చివర చూపుట మర్యాద. చూపులేనివారికి తెరను చదివి వినిపించు ప్రోగ్రాములున్నవి. చుక్కమీదినుండి వంగిన బాణము గీసిన బొమ్మ వారికెట్లు తెలియును? వారికి బటనులో దాచిన మాటయే బటను.

ఇచ్చట మీరు గమనించియుందురు. నేను చదువుచున్న భాష వేరు, మేము బటనులకు వ్రాసిన భాష వేరు. నేను బాలవ్యాకరణము వల్లించి పైకి వచ్చినవాడను. నాకలవడిన భాషను ఈ వయసున విడువలేను, విడువవలెనని కోరికయు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారితో కావ్యభాష విషయమున నాకు నేటికిని తగవు కలదు. టూల్ టిప్పుల విషయమున మాత్రము నా వోటు వారికే. గ్రంథము చదువువానికి నిఘంటువు తెరచుటకు తీరిక యుండును. వ్రేలు బటనుమీద నుంచినవానికి ఆ తీరిక లేదు. లైను అని లోకమంతయు అనుచుండగా పంక్తియని వ్రాసి యెవరిని ఉద్ధరింతుము?

అయినను వ్యాకరణము అక్కరకు రాలేదని తలపవలదు. “ఆపు” అని బటనుమీద నున్నప్పుడు ఎవరు ఎవరితో అనుచున్నారు? మనము యంత్రముతో అనుచున్నాము. కావున ఏకవచనము తప్పుగాదు. టూల్ టిప్పులో మాటాడునది యంత్రము, వినువారము మనము. అచ్చట “ఆపు” అనినచో యంత్రము మనలను నీవు అనినట్లు. “ఆపండి” అనినచో మనలను ఏదో చేయుమనినట్లు. అందుచేత “ఆగుతుంది”, “వెళుతుంది” అని ప్రథమపురుషలో వ్రాసితిమి. మర్యాదయు చెడలేదు, జరుగబోవునదియు తెలిసినది. మరియొక చిక్కు విభక్తులది. తెలుగుసేత చేయువారికి బటనులు కనబడవు, వాక్యముల పట్టిక మాత్రమే యిత్తురు. అందు కొన్నిచోట్ల ఖాళీ గుర్తుండును, తరువాత దానిలో ఏదో పేరో అంకెయో వచ్చి చేరును. ఆంగ్లమున పేరు ఎచ్చటనున్నను మారదు. మనకు చివర ను, కు, లో అని తగులవలెను. ఏ పేరు వచ్చునో తెలియకయే ప్రత్యయము తగిలించుట, పెండ్లికొమారుని చూడక ఉంగరము చేయించుటవంటిది. ఒకటి వచ్చినను “1 లైన్లు” అని తేలుటకు ఇదియే కారణము. ఖాళీని వాక్యము చివర, రెండు చుక్కల పిమ్మట ఉంచిన ఈ బాధ చాలవరకు తప్పును.

1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగు లిపి చేరినది. ఫైర్‌ఫాక్స్ తెలుగులో లభించుచున్నది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగున పనిచేయు ఆపరేటింగ్ సిస్టమును వెలయించిరి. ఈ పనులలో పెక్కు స్వచ్ఛందముగా, జీతము లేక చేసినవి. కావున ఒక మాట తప్పినదని వారిని నిందింపరాదు. పట్టిక మాత్రమే చూచి వ్రాసినవాని యిక్కట్టు వేరు. మాట వ్రాసినవారు దానిని ఎవరికైనను చూపి పరీక్షించుట మాత్రము అత్యవసరము.

మేము చేసిన పరీక్ష సులభమైనది. ఆ పిల్ల చిన్నాన్న కాఫీతోట చూచుకొనువాడు, తెలుగు చక్కగా చదువగలడు, కంప్యూటరు ముట్టియెరుగడు. ఒక్కొక్క మాటను చీటిమీద వ్రాసి ఆయన చేతికిచ్చి, బాగున్నదా యని అడుగక, ఇది నొక్కితే ఏమవుతుందని అడిగితిమి. బాగున్నదా యనినచో మన మనుష్యులు బాగున్నదనియే అందురు, మొగమాటము. ఏమగునని అడిగినచో నిజము వెలువడును. ఘాటురోడ్డు కథ ముందు చెప్పి చీటీలిచ్చితిమి. ఇచ్చిన ఏడింటిలో ఐదింటికి సరిగా చెప్పెను. స్టెప్ ఇన్‌టు చీటీలో “పిలిచే” అనుమాట చూచి ఎవరిని పిలుచునని అడిగెను. అందుచేత “పిలిచే” తీసి “ఈ లైను పని అప్పగించిన ఫంక్షను” అని మార్చితిమి. కంటిన్యూ చీటీలో చివరిదాకా యనుట తెర చివరకా యని అడిగెను. అదియు సవరించితిమి.

ఆ సాయంకాలమే పిల్ల మరల డీబగ్గరు తెరచినది. తెలుగుసేతను మార్చుట ఆమెచేత కాదు గనుక చీటీలను తెర ప్రక్కన అంటించుకొన్నది. స్టెప్ ఓవరు నొక్కుచు పోగా బరువు లెక్కవద్ద 2.5 రావలసినచోట 7 కనబడినది. అచ్చట స్టెప్ ఇన్‌టు నొక్కి దిగి చూడగా, గ్రాములను 1000చే భాగింపవలసియుండగా 100చే భాగించియున్నది. ఒక సున్న. “దొరికింది మాస్టారూ” అని కేక వేసినది. వసారాలోని కోళ్ళు చెదరినవి.

ఇంతవరకు తెలుగుమాట. మన కొండలలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా ఇంటిభాషలుగా నున్నవారెందరో కలరు. 2004లో ఉమ్మడి రాష్ట్రమున 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించి వాచకములు వేసిరి. వానికి వందేండ్ల క్రిందటనే బాట వేసినవాడు మరల ఆ రామమూర్తి పంతులుగారే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరభాష తెలిసినవానిని ఇంట ఉంచుకొని నేర్చి, వాచకములు వ్రాసి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఆయన మాటలు కూర్చుండినచోట కల్పించినవి కావు, పలుకువాని నోట విని వ్రాసినవి. ఏడు చీటీలను కువిలో వ్రాయుటకు ఆ పిల్ల తన అవ్వను కూర్చుండబెట్టుకొన్నది. మూడు ముగిసినవని మొన్న ఫోనులో చెప్పినది.

తెలుగున మాకు తెగని మాట ఒక్కటి మిగిలినది. వాచ్ అను పెట్టె కలదు. అందులో ఒక పేరు వ్రాసియుంచినచో ప్రోగ్రాము నడచుచున్నంతసేపును దాని విలువ ఎప్పటికప్పుడు కనబడుచుండును. కాపలాయనిన దొంగతనము స్ఫురించును. గమనికయనిన నోటీసువలె నున్నది. చిన్నాన్నగారు పోడుచేలలో పిట్టలను కనిపెట్టుటకు వేయు “మంచె” అనవచ్చును గదా యనెను. పిల్లకు ఆ మాట మిక్కిలి నచ్చినది. పట్టణపు పిల్లలకు మంచె తెలియునా యని నా సందేహము. మీ యూళ్ళలో ఒకచోట కూర్చుండి ఒకదానినే కనిపెట్టియుండుటకు ఏమందురో, పంటకు గాని పశువుకు గాని నీటికి గాని, ఒక కార్డుముక్కమీద ఈ రేడియో కేంద్రమునకు వ్రాసి పంపుడు. నాకు చేరును. సెలవు.